జూడోలో ముందు పడటమే ఎందుకు నేర్పుతారు? తత్వం సాధనలో ఎక్కడ ఉంటుంది?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుని మొదలుపెడతాను. మీ వయసు 31, బరువు 60 కిలోలు. జూడో తరగతిలో చేరి ఏడు వారాలయింది. ఇప్పటివరకు పడటం, వంగి నమస్కరించడం, జోడీగా నిలబడి ఒకే అడుగును పదేపదే వేయడం తప్ప మరేమీ నేర్పలేదు. ఏది అడిగినా మీ శిక్షకుడు తత్వం గురించి మాట్లాడతారు. ఆ తత్వానికీ మ్యాట్ మీద చేసే పనికీ నిజంగా సంబంధం ఉందా, లేక అది గోడకు తగిలించిన పటం లాంటిదేనా అన్నది మీ మొదటి సందేహం. మీలాంటి 60 కిలోల మనిషి 90 కిలోల మనిషిని పడవేయగలడన్న మాట ఎంతవరకు నిజమన్నది రెండోది. నేను ఇరవై ఆరేళ్ళుగా జూడో చేస్తున్నాను, అందులో పద్నాలుగేళ్ళుగా పిల్లలకూ పెద్దలకూ నేర్పుతున్నాను. మీ శిక్షకుడు నేర్పే పద్ధతి నాకు తెలియదు కాబట్టి ఆయన గురించి ఏమీ అనను. అయితే ఈ ఏడు వారాలు మీరు చేసినదంతా జూడో తత్వమే అని మాత్రం గట్టిగా చెప్పగలను. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు ఈ విద్య పుట్టుక గురించి కొంచెం తెలుసుకోవాలి. జూడోను స్థాపించిన కానో జిగొరో 1860లో జపాన్‌లోని కోబే దగ్గరి మికాగె అనే ఊళ్ళో పుట్టారు. చదువులో ముందుండేవారు, ఒంట్లో బలం మాత్రం తక్కువ, బడిలో తోటిపిల్లలు ఏడిపించేవారు. బలవంతులను ఎదుర్కొనే ఉపాయం జుజుత్సు అనే పాత యుద్ధవిద్యలో ఉందని విన్నారు గాని, నేర్పేవారు దొరకలేదు. 1868 తర్వాత సమురాయిల కాలం ముగిసి, వారి యుద్ధవిద్యలకు గిరాకీ పోయింది. జుజుత్సు గురువులలో పలువురు విరిగిన ఎముకలు కట్టే వైద్యంతో పొట్టపోసుకునే పరిస్థితి వచ్చింది. ఆ సంగతి తెలిసి కానో టోక్యోలో ఎముకల వైద్యుల దగ్గర వాకబు చేస్తూ పోయి, చివరికి 1877లో తెన్జిన్ షిన్యో సంప్రదాయానికి చెందిన ఫుకుదా హచినోసుకె దగ్గర చేరారు. ఒకనాడు గురువు తనను ఒక పట్టుతో పడవేసినప్పుడు, చెయ్యి ఎక్కడ పెట్టారు, కాలు ఎలా కదిపారు అని కానో అడిగారట. ఫుకుదా వివరించలేదు. మళ్ళీ పడవేశారు. మళ్ళీ అడిగితే మళ్ళీ పడవేశారు. చేయగా చేయగా అదే తెలుస్తుందన్నది ఆయన పద్ధతి. ఆ శిష్యుడే తర్వాత తన బడిలో ప్రతి పట్టుకూ కారణం చెప్పే పద్ధతిని పెట్టారన్నది నాకు ఎప్పటికీ ముచ్చట గొలిపే విషయం.

1882లో కానో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో, గుప్పెడు మంది శిష్యులతో కోడోకాన్ అనే తన జూడో బడిని ప్రారంభించారు. ఆ పేరుకు దారిని అభ్యసించే చోటు అని అర్థం. జుజుత్సు అన్న పేరులోని 'జుత్సు' నేర్పును, పనితనాన్ని సూచిస్తుంది. దాని స్థానంలో ఆయన పెట్టిన 'దో' అనే మాటకు దారి అని అర్థం. ఈ మార్పు పేరుకే పరిమితం కాలేదు. పాత సంప్రదాయాల్లో ఉన్న పట్టులను ఆయన వడగట్టారు. ప్రాణాపాయం కలిగించే దెబ్బలను స్వేచ్ఛా సాధనలోంచి తీసివేసి, ముందే కుదుర్చుకున్న క్రమంలో చేసే కతా అనే సాధనకు పరిమితం చేశారు. మిగిలిన పట్టులను ఎదుటివాడు పూర్తి శక్తితో ప్రతిఘటిస్తున్నా, రోజూ, గాయపడకుండా అభ్యసించగలిగేలా మలిచారు. ఈ చివరి షరతు ఒక్కటి పట్టుకుంటే జూడో మొత్తం అర్థమవుతుంది. పూర్తి శక్తితో పడవేయాలి, పడినవాడు లేచి మళ్ళీ రావాలి. ఈ రెండూ ఒకేసారి నెరవేరాలంటే పడేవాడికి పడటం రావాలి, పడవేసేవాడికి పట్టి ఉంచడం రావాలి.

పడే విద్యను ఉకెమి అంటారు. మీకు ఇప్పటికి అలవాటై ఉండాలి గనక వివరాల్లోకి పోకుండా, దాని వెనుక జరిగేది మాత్రం చెబుతాను. వెల్లకిలా పడుతున్న మనిషి చేతిని వెనక్కి చాచి ఆపుకోబోతాడు. అది పుట్టుకతో వచ్చే ప్రతిస్పందన. మణికట్టు, మోచేయి విరిగేది దానివల్లే. ఉకెమిలో చేతిని ఒంటికి దాదాపు 30 నుండి 45 డిగ్రీల కోణంలో పెట్టి, అరచేతి నుండి మోచేయి దాకా ఒకేసారి మ్యాట్‌కు తగిలేలా కొడతాం. ఒక్క బిందువు మీద పడాల్సిన దెబ్బ విశాలంగా పరచుకుంటుంది. గడ్డాన్ని గుండెకు ఆనించి, చూపును సొంత బెల్టు ముడి మీద నిలుపుతాం, తల వెనుక భాగం నేలకు తగలకుండా ఉండేందుకు. ఊపిరి బిగబట్టకుండా వదులుతాం. ఈ మూడూ కలిసి ఆలోచన లేకుండా జరిగే దశ రావడానికి ఎంత త్వరగా నేర్చుకునేవారికైనా కొన్ని వందల పడుటలు కావాలి.

ఇందులో తత్వం ఎక్కడుందని అడుగుతారు. పడబోతున్నానని తెలిసిన క్షణంలో మనిషి బిగుసుకుపోతాడు. బిగుసుకున్న ఒళ్ళు గట్టిగా పడుతుంది, గాయపడుతుంది. ఆ గాయం వల్ల భయం పెరిగి, మరుసటిసారి ఇంకా బిగుసుకుంటుంది. భయపడే మనిషి పట్టు వేయడానికి కూడా వెనకాడతాడు. తాను లోపలికి అడుగు వేస్తే ఎదుటివాడు తిప్పికొడతాడేమో అన్న అనుమానంతో చేతులు కర్రల్లా చాచి, నడుము వెనక్కి పెట్టి, వంగి నిలబడతాడు. ఏ తరగతిలోనైనా కొత్తవారిని చూడండి, పడటం రానివారందరూ అలాగే నిలబడతారు. పడటం వచ్చినవారి వెన్ను నిటారుగా ఉంటుంది. పడటమంటే ఓడిపోవడం కదా అన్న భావన వారి ఒంట్లోంచి పోయింది కాబట్టే అలా నిలబడగలుగుతారు. ధైర్యం గురించి ఎన్ని మాటలు చెప్పినా మనిషి భంగిమ మారదు, నాలుగు నెలలు సక్రమంగా పడితే మారుతుంది. నేను నేర్పినవారిలో ఇది జరగని వారిని చూడలేదు.

ఇక పడవేసేవాడి సంగతి. ఇక్కడ నా జీవితంలోని ఒక తప్పు చెప్పాలి. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. వారం రోజుల్లో పోటీల ఎంపిక ఉంది. రందోరిలో, అంటే స్వేచ్ఛగా తలపడే సాధనలో, నాకంటే చిన్నవాడైన ఒక సహాధ్యాయి నా ఎదుట ఉన్నాడు. అతని పక్కకు అడుగువేసి, నా కుడి కాలితో అతని కుడి కాలిని కోసివేసినట్టు వెనక్కి లాగే ఓసోతో గారి అనే పట్టు వేశాను. చక్కగా కుదిరింది. ఆ ఉత్సాహంలో నా ఎడమచేతిలో ఉన్న అతని కుడి స్లీవ్‌ను వదిలేసి, నా బరువంతా అతని మీద వేస్తూ నేనూ పడ్డాను. ఎండుపుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. కాలరు ఎముక. మా గురువుగారు నన్ను ఒక్క మాట అనలేదు. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చాక, ఇక మూడు నెలల పాటు నేను ఎవరినీ పడవేయకూడదనీ, తరగతిలో అందరూ నన్నే పడవేయాలనీ చెప్పారు. ఎంపిక పోటీలకు వెళ్ళలేదు. ఆ మూడు నెలల్లో నన్ను కొన్ని వేల సార్లు పడవేసి ఉంటారు. ఎవరి చేయి నా స్లీవ్‌ను చివరిదాకా పట్టి ఉంచిందో, ఎవరిది మధ్యలో వదిలేసిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చాను.

కుడివైపు నుంచి వేసే పట్టులో ఎడమ చెయ్యి ఎదుటివాడి కుడి స్లీవ్‌ను, కుడి చెయ్యి అతని ఎడమ కాలరును పట్టుకుంటాయి. పట్టు పూర్తయ్యే క్షణంలో కాలరు మీది చేయి సడలినా ఫరవాలేదు గాని, స్లీవ్‌ను పట్టిన చేయి పైకి లాగిపట్టి ఉండాలి. అలా లాగితే పడేవాడి కుడి భుజం పైనే ఉంటుంది, ఒళ్ళు ఎడమ పక్కకు తిరుగుతుంది, ఖాళీగా ఉన్న ఎడమ చేత్తో అతడు మ్యాట్‌ను కొట్టగలుగుతాడు, తల నేలకు తగలదు. ఆ చేతిని జపాన్ భాషలో హికితె అంటారు, లాగే చెయ్యి అని. విశేషమేమిటంటే, ఎదుటివాడిని సరిగ్గా వెల్లకిలా తిప్పి పూర్తి పాయింటు తెచ్చేదీ, అతన్ని గాయం నుంచి కాపాడేదీ ఆ ఒక్క లాగుడే. వదిలేస్తే రెండూ చెడతాయి. కానో తన జీవిత ఉత్తరార్ధంలో, 1922 ప్రాంతంలో, జూడో సారాన్ని రెండు సూత్రాలుగా చెప్పారు. ఒకటి సేర్యోకు జెన్యో, శక్తిని మేలైన విధంగా వినియోగించడం. రెండోది జితా క్యోయే, తానూ ఎదుటివారూ కలిసి వర్ధిల్లడం. మీ శిక్షకుడు చెప్పే తత్వం బహుశా ఇదే అయివుంటుంది. రెండో సూత్రాన్ని వ్యాసాలుగా చదివినప్పుడు నాకు మంచి మాటగా మాత్రమే తోచింది. అది ఎడమచేతి నాలుగు వేళ్ళలో ఉంటుందని ఆ మూడు నెలల్లో తెలిసింది.

మొదటి సూత్రం మీ రెండో ప్రశ్నకు సంబంధించినది. 'జు' అంటే మెత్తదనం, లొంగుబాటు. దీన్ని వివరించడానికి కానో ఒక లెక్క చెప్పేవారు. ఎదుటివాడి బలం 10 అనుకుందాం, నాది 7. అతడు పూర్తి బలంతో నెట్టినప్పుడు నేను ఎదురు నెడితే తప్పకుండా ఓడతాను. ఎదురు నెట్టకుండా అతడు నెట్టినంత మేరా వెనక్కి తగ్గితే, ఆనుకునే ఆధారం పోయి అతడు ముందుకు తూలతాడు. తూలిన మనిషి బలం ఆ క్షణంలో 10 కాదు, 3 మాత్రమే. నా బలం 7 నా దగ్గరే ఉంది కాబట్టి, అందులో సగం ఉపయోగించినా అతన్ని పడవేయగలను. ఇది అందరూ చెప్పే భాగం. అక్కడితో ఆగకపోవడమే కానో గొప్పతనం. ఎవరైనా వెనుక నుంచి వచ్చి గట్టిగా వాటేసుకుంటే లొంగడం వల్ల విడిపించుకోలేం కదా, మణికట్టు పట్టుకున్నవాడి నుంచి చేయి లాక్కోవడం లొంగుబాటు ఎలా అవుతుంది అని తనకు తానే ప్రశ్న వేసుకున్నారు. లొంగడమన్నది అన్ని సందర్భాలకూ సరిపోయే సూత్రం కాదని ఒప్పుకుని, దానికంటే విశాలమైనదాని కోసం వెదికి, శక్తిని మేలైన విధంగా వినియోగించడమనే సూత్రానికి చేరుకున్నారు. కొన్నిచోట్ల లొంగడం ఆ వినియోగం, కొన్నిచోట్ల నెట్టడం ఆ వినియోగం. తన విద్య పేరులోనే ఉన్న మాట చాలదని బహిరంగంగా చెప్పగలిగిన గురువు మీద నాకు అపారమైన గౌరవం ఉంది.

లెక్క కాగితం మీద సులువు. 10 ఎప్పుడు 3 అవుతుందో ఒంటితో కనిపెట్టడమే కష్టం. ప్రతి పట్టులోనూ మూడు దశలున్నాయి. ఎదుటివాడి నిలకడను చెదరగొట్టడం కుజుషి, నన్ను నేను సరైన చోట అమర్చుకోవడం త్సుకురి, వేయడం కకె. కొత్తవారికి మూడోది మాత్రమే కనిపిస్తుంది. కానో కూడా ఏళ్ళ తరబడి తన తర్వాతి గురువు ఇయికుబో త్సునెతోషి చేతిలో పడుతూనే ఉన్నారు. ఇయికుబో కితో సంప్రదాయంలో ఆరితేరినవారు, పడవేయడంలో దిట్ట. ఒకరోజు ఉన్నట్టుండి కానో ఆయన్ని వరుసగా పడవేయగలిగారు, ఆయన మాత్రం కానోను పడవేయలేకపోయారు. కారణం అడిగిన గురువుకు, ఎదుటివాడి భంగిమ చెదిరే దిక్కును కనిపెట్టి, ముందు దాన్ని చెదరగొట్టి తర్వాతే పట్టు వేస్తున్నానని శిష్యుడు చెప్పారు. ఇక నీకు నేర్పవలసింది నా దగ్గర లేదని ఇయికుబో ఒప్పుకున్నారు. మీరు జోడీగా నిలబడి వందసార్లు వేస్తున్న అడుగును ఉచికోమి అంటారు. పడవేయకుండా, పడబోయే అంచుదాకా తీసుకెళ్ళి వదిలిపెట్టడం. దాన్ని కాళ్ళ వ్యాయామంగా చేస్తే విసుగే మిగులుతుంది. ప్రతిసారీ ఎదుటివాడి మడమ నేల మీంచి లేచిందా, బరువు కాలివేళ్ళ మీదికి వచ్చిందా అని చేతుల ద్వారా వినడానికి ప్రయత్నించండి. వినడమని కావాలనే అంటున్నాను, కళ్ళకు కనిపించేలోపే ఆ క్షణం దాటిపోతుంది.

కుస్తీ తెలిసినవారికి ఇదంతా కొత్తగా అనిపించదు. హైదరాబాదు పాతబస్తీ తాలింఖానాల్లో పహిల్వాన్లు వేసే ధోబీ పాట్‌నూ, ఎదుటివాడి చేతిని భుజం మీదుగా లాగి వీపు మీంచి వేసే జూడో సేయోయి నాగెనూ పక్కపక్కన చూస్తే, రెండూ ఒకే ఇంటి బిడ్డల్లా ఉంటాయి. చాకలివారు బట్టను ఎత్తి బండ మీద కొట్టే ఆ కదలిక రెండింట్లోనూ ఉంది. జూడోలో బట్ట పట్టుకోవడానికి దొరుకుతుంది, కుస్తీలో దొరకదు. అందువల్ల చేతుల పని వేరుగా ఉంటుంది, అంతే. మన దేశానికి జూడో ఆలస్యంగా వచ్చిందనుకోవడం కూడా పొరపాటు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1905లోనే శాంతినికేతన్‌కు సానో జిన్నోసుకె అనే జపాన్ శిక్షకుణ్ణి రప్పించారు. తర్వాత 1929లో తకగాకి షిన్జో వచ్చారు. అక్కడ అమ్మాయిలకూ నేర్పారు. అమర్త్య సేన్ తల్లి అమితా సేన్ అలా జూడో నేర్చుకున్నవారే.

మీ 60, 90 కిలోల ప్రశ్నకు సూటిగా చెబుతాను. విద్య రాని 90 కిలోల మనిషిని, మూడు నాలుగేళ్ళు శ్రద్ధగా సాధన చేసిన 60 కిలోల మనిషి పడవేయగలడు, నేను చాలాసార్లు చూశాను. ఇద్దరికీ సమానంగా విద్య వచ్చినప్పుడు మాత్రం బరువు తన పని తాను చేస్తుంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడోను మొదటిసారి చేర్చినప్పుడు, బరువు పరిమితి లేని విభాగపు ఫైనల్ బుదోకాన్‌లో జపాన్‌కు చెందిన కమినాగా అకియోకూ నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటోన్ హేసింక్‌కూ మధ్య జరిగింది. హేసింక్ రెండు మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తు, కమినాగా కంటే పొడుగులోనూ బరువులోనూ చాలా పెద్ద. తొమ్మిది నిమిషాలు దాటాక హేసింక్ కమినాగాను నేల మీద అదిమిపట్టి గెలిచాడు. విద్యలో ఇద్దరూ పండినవారే, దేహబలం తేడా చూపింది. ఆ రోజు అసలు గుర్తుంచుకోవలసింది ఆ తర్వాతి క్షణం. సంతోషంతో మ్యాట్ మీదికి పరుగెత్తుకొస్తున్న తన దేశస్థులను హేసింక్ చెయ్యెత్తి ఆపేశాడు. ఓడిన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, నమస్కారం ఇంకా పూర్తి కాలేదు. తమ ఇంటి విద్యలో పరదేశి చేతిలో ఓడిన జపాన్ ప్రేక్షకులు ఆ ఒక్క సైగను చూసి, ఈ విద్య అతనికి నిజంగా అబ్బిందని ఒప్పుకున్నారు.

మీరు వంగి చేసే నమస్కారం, అంటే రెయి, దీనికోసమే. మీ గొంతు పట్టుకోవడానికి, మోచేయి మెలిపెట్టడానికి ఎదుటివాడికి మీరు అనుమతి ఇస్తున్నారు. అతడూ మీకు ఇస్తున్నాడు. మీరు అరచేత్తో రెండుసార్లు తట్టిన మరుక్షణం అతడు విడిచిపెడతాడన్న నమ్మకం మీదే ఆ సాధన నడుస్తుంది. నమస్కారం ఆ ఒప్పందం. దాన్ని మొక్కుబడిగా, చూపు ఎటో ఉంచి చేసేవారితో నేను రందోరికి దిగను.

సాధన పద్ధతుల విషయంలో ఒక మాట. కానో నాలుగు మార్గాలు పెట్టారు: స్వేచ్ఛగా తలపడే రందోరి, క్రమబద్ధమైన కతా, ఉపన్యాసం, ప్రశ్నోత్తరాలు. మన దగ్గర చాలా తరగతుల్లో మొదటిది తప్ప మిగిలినవి కనుమరుగయ్యాయి. పోటీల్లో పతకాలు తెచ్చేది అదొక్కటే గనక అలా జరిగింది. మిగిలినవాటిలో ప్రశ్నోత్తరాలు పోవడమే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. దాన్ని మొందో అంటారు. శిష్యుడు అడగాలి, గురువు జవాబు చెప్పాలి లేదా ఎదురు ప్రశ్న వేయాలి. మీ సందేహాన్ని ఇక్కడ రాసినంత స్పష్టంగా మీ శిక్షకుణ్ణే తరగతి అయ్యాక అడగండి. అది అమర్యాద కాదు, సాధనలో భాగం.

ఎదుటివాడు శత్రువు కాడనీ, అతని వల్లే నా విద్య పెరుగుతుందనీ అంటే ఉపదేశంలా వినిపిస్తుంది కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. కానోకు ఉకి గోషి అనే నడుము పట్టు మీద మంచి పట్టు ఉండేది. తొలి శిష్యుల్లో ఒకడైన సైగో షిరో పిల్లిలా చురుకైనవాడు. గురువు నడుము తిప్పగానే దాన్ని దాటుకుని అవతలికి దూకేవాడు. అలా దూకే కాలిని గాలిలోనే తుడిచివేసేందుకు కానో కాలు చాచడంతో హరాయి గోషి అనే పట్టు ఏర్పడింది. శిష్యుడు తప్పించుకోకపోతే ఆ పట్టు పుట్టేది కాదు. 1883లో కానో తొలిసారి దాన్ హోదాలు ఇచ్చినప్పుడు అందుకున్న ఇద్దరిలో సైగో ఒకడు. నల్ల బెల్టుతో వచ్చే ఆ మొదటి హోదా పేరు షోదాన్, ఆరంభపు మెట్టు అని అర్థం. బెల్టు ఎప్పుడొస్తుందని మీరు అడగనందుకు సంతోషించాను.

జూడో మెత్తని విద్య అన్న మాటను పట్టుకుని అది ప్రమాదం లేనిదని మాత్రం అనుకోవద్దు. జపాన్ పాఠశాలల్లో 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాల కాలంలో వందమందికి పైగా పిల్లలు జూడో సాధనలో ప్రాణాలు కోల్పోయారని అక్కడి విద్యా సామాజిక శాస్త్రవేత్త ఉచిదా ర్యో లెక్కలు తీసి బయటపెట్టారు. అందులో తలకు తగిలిన దెబ్బలే ప్రధాన కారణం, పడటం ఇంకా సరిగా రాని కొత్తవారే ఎక్కువగా బలయ్యారు. పుట్టిన దేశంలోనే, తత్వం గోడ మీద అందంగా రాసి ఉన్న గదుల్లోనే ఇది జరిగింది. గెలుపు కోసం పెద్దలు పిల్లల మీద తెచ్చే ఒత్తిడి హద్దు మీరిందని జపాన్ జూడో సమాఖ్య 2022లో ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలను రద్దు చేసింది. అందువల్ల ఏడు వారాలు పడటమే నేర్పిన శిక్షకుడు దొరికినందుకు మీరు విసుక్కోవలసిన పని లేదు. మొదటి వారంలోనే ఓసోతో గారి వేయించే తరగతి గురించి రాసి ఉంటే, వెంటనే మానేయమని సలహా ఇచ్చేవాణ్ణి.

ఇక ముందు చేయవలసినవి. మీది కూర్చుని చేసే ఉద్యోగమన్నారు కాబట్టి మెడ కండరాలకు రోజూ పది నిమిషాలు కేటాయించండి. పడేటప్పుడు గడ్డాన్ని గుండెకు పట్టి ఉంచేవి అవే. తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, చూపు మసకబారడం వంటివి ఏ కొంచెం కనిపించినా ఆ రోజు సాధన ఆపి డాక్టరుకు చూపించండి, డాక్టరు సరేననే వరకు మళ్ళీ మ్యాట్ ఎక్కవద్దు. ఉచికోమిలో వారానికోసారైనా మీకంటే బరువైనవారినీ, మీకంటే తేలికైనవారినీ జోడీగా అడగండి. తేలికైనవారి దగ్గర మీ తప్పులను బలం కప్పిపుచ్చుతుంది, బరువైనవారి దగ్గర బయటపడతాయి. రెండూ చూసుకోవాలి. ఎనిమిది తొమ్మిది వారాల తర్వాత మీకు పట్టులు నేర్పడం మొదలుపెట్టి, తరగతిలోని పాతవారు మిమ్మల్ని పడవేయడం మొదలైనప్పుడు, పడి లేచిన ప్రతిసారీ ఒక్కటి గమనించండి: మీ వీపు మ్యాట్‌కు తగిలిన క్షణంలో మీ కుడి స్లీవ్ ఇంకా వారి చేతిలో ఉందా? ఎక్కువమంది విషయంలో ఉంటే ఆ తరగతిని వదలవద్దు. లేకపోతే ముందు వారితోనే చెప్పండి, తర్వాత శిక్షకుడితో చెప్పండి, అప్పటికీ మారకపోతే వేరే చోటు వెదుక్కోండి.